ఆపద్వేళ యంత్రము చెప్పు సలహా

జగ్గయ్యపేట నుండి విజయవాడకు ఇంచుమించు 75 కిలోమీటర్లు. నందిగామ నుండి 50. పెండ్లికి పోవువారికి ఇది ఒక దూరము కాదు. నాలుగు మాటలు ముచ్చటించుకొనునంతలో కీసర వంతెన దాటిపోవుదురు, ఇబ్రహీంపట్నము వచ్చును, కృష్ణ ఒడ్డు కనబడును. కాని గుండెనొప్పితో మెలికలు తిరుగువానికి, పాముకాటు తిన్నవానికి, కాన్పు కష్టమైన తల్లికి ఆ 75 కిలోమీటర్లే ఏడు సముద్రముల దూరము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో ఎక్కడను ఆగక పోయినను జగ్గయ్యపేట నుండి గంటంబావు పట్టును. ఆ గంటంబావు కాలము రోగి ప్రాణము ఎవరి చేతిలో నుండును? అంబులెన్సు వెనుక భాగమున, అతని ప్రక్కన కూర్చుండిన ఒకేయొక మనిషి చేతిలో. ఆ మనిషి వైద్యుడు కాడు. అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన సాంకేతికుడు. కొన్ని దేశములలో నర్సు. ఆ ఒంటరి మనిషికి కంప్యూటరు ఏ మేరకు తోడు కాగలదు, ఏ మేరకు కాజాలదు అను విషయమును గూర్చి నేడు మేము శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా మన సీమను ఒకసారి కన్నులయెదుట నిలుపుకొందము. కృష్ణా జిల్లా మెట్టప్రాంతమని తరతరములుగా పిలువబడుచు, 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నేల ఇది. నల్లరేగడి చేలు, పత్తి, మిరప. ముక్త్యాల, జయంతిపురము వైపు సున్నపురాయి, సిమెంటు కర్మాగారములు. మధ్యగా హైదరాబాదు, విజయవాడలను కలుపు 65వ నంబరు జాతీయ రహదారి. ఈ నేలకు తగినట్లే ఇక్కడి ఆపదలును ఉన్నవి. చేలలో పాములు, పురుగుమందులు, మండు వేసవిలో వడదెబ్బలు, కర్మాగారములలో కాలిన గాయములు, రహదారిపై ప్రమాదములు. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలము ముండ్లపాడు వద్ద ఒక ప్రయాణికుల బస్సు కల్వర్టులో పడి పదిమంది వరకు మరణించిన సంగతి ఈ ప్రాంతమువారు మరువలేదు. రహదారి యున్నంత మాత్రమున దారి యున్నదనియు చెప్పలేము. 2023 జూలై 27న మున్నేరు పొంగి ఐతవరము వద్ద రహదారిని ముంచివేసెను. 2024 సెప్టెంబరు మొదటి తేదీని పాలేటి వరద గరికపాడు వద్ద రాకపోకలను తెంచివేసెను. అట్టి నాడు విజయవాడకు పోవలసిన రోగిని ఎటు తీసికొనిపోవలెను? అది కూడ అంబులెన్సులోని మనిషియే తేల్చుకొనవలసిన ప్రశ్న.

మన రాష్ట్రములో 108 అను మూడంకెల నంబరు తెలియని ఇల్లు లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో అత్యవసర నిర్వహణ పరిశోధన సంస్థ ఈ సేవను ప్రారంభించెను. తెలుగునాట పుట్టిన ఈ పద్ధతిని తరువాత అనేక రాష్ట్రములు స్వీకరించినవి. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుండి 108, 104 సేవలకై 1,088 వాహనములు ఒక్కసారిగా బయలుదేరిన దృశ్యమును పలువురు చూచియే యుందురు. వాహనములో ఇద్దరుందురు. ముందు కూర్చుండి నడుపువానిని పైలటు అందురు. వెనుక నుండువాడు అత్యవసర వైద్య సాంకేతికుడు. ఫోను ఎత్తిన కేంద్రములో మరికొందరుందురు: వివరములు వ్రాసికొనువారు, వాహనమును పంపువారు, అవసరమైనప్పుడు సాంకేతికునితో మాటలాడి చికిత్స చెప్పు వైద్యుడు. ఈ వైద్యుని సలహా మన పద్ధతికి వెన్నెముక వంటిది. సాంకేతికునికి సందేహము కలిగినచో ఫోనులో అడుగును, వైద్యుడు చెప్పును, ఇతడు చేయును.

ఐతే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సందేహము కలిగినవాడే గదా అడుగును! తెలియని సంగతి తనకు తెలియదని ఎఱిగినవాడు అదృష్టవంతుడు. ఎఱుగనివాడు ధైర్యముగా తప్పుదారిని పోవును. అర్ధరాత్రివేళ, కుదుపులలో, మసక వెలుతురులో, బంధువుల ఏడ్పుల నడుమ, ఎంతటి తెలివిగలవానికైనను అడుగవలసిన ఒక ప్రశ్న మరపునకు వచ్చుట సహజము. ఆ మరపునకు మందు కనుగొనవలెనను యత్నమే ఈ నిర్ణయ సహాయక యంత్రములకు మూలము.

ఈ యత్నము కంప్యూటరుకంటె పాతది. 1952లో వర్జీనియా అప్గార్ అను అమెరికా వైద్యురాలు అప్పుడే పుట్టిన శిశువును అయిదు లక్షణములను బట్టి, ఒక్కొక్కదానికి రెండు మార్కుల చొప్పున, పది మార్కులకు తూచు పద్ధతిని కనిపెట్టెను. 1974లో గ్లాస్గో నగరమున టీస్డేల్, జెన్నెట్ అను వైద్యులు తలకు దెబ్బ తగిలినవాని తెలివిని కొలుచుటకు ఒక పట్టిక వ్రాసిరి. కన్ను తెరచుటకు నాలుగు, మాటకు అయిదు, చేతికాళ్ళ కదలికకు ఆరు: మొత్తము పదునైదు మార్కులు. అన్నిటికంటె తక్కువ మూడు. నేడు నందిగామ వద్ద రహదారిపై పడిపోయినవానిని చూచిన సాంకేతికుడు “తొమ్మిది” అని ఫోనులో చెప్పినచో, విజయవాడలోని వైద్యునికి ఆ మనిషి స్థితి కన్నులకు కట్టినట్లగును. ఒక కాగితపు ముక్క ఇద్దరికి ఒకే భాష నేర్పినది. కంప్యూటరు చేయవలసిన పనియు మూలమున ఇదియే. అది ప్రశ్నలను వరుసగా గుర్తుచేయవలెను, జవాబులను కలిపి చూడవలెను, తరువాత ఏమి చేయవలెనో చెప్పవలెను.

యంత్రము ఈ పనిని ఎంత బాగుగ చేయగలదో 1972లోనే లోకమునకు తెలిసినది. ఇంగ్లండులోని లీడ్సు నగరమున డి డోంబల్ అను శస్త్రవైద్యుడు, అతని సహచరులు తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది రోగుల లక్షణములను కంప్యూటరునకు అందించి రోగనిర్ణయము అడిగిరి. కంప్యూటరు చెప్పినది 91.8 శాతము సరియైనది. అనుభవజ్ఞులైన వైద్యుల నిర్ణయము 79.6 శాతము మాత్రమే సరియైనది. ఈ వార్త విన్నవారు ఇక వైద్యునితో పనిలేదని తొందరపడియుందురు. ఆ తొందర ఎంత పొరపాటో కొంత సేపటికి చెప్పుకొందము.

అంబులెన్సులోనికి ఈ విద్యను తెచ్చినవారిలో స్వీడన్ దేశస్థులు ముఖ్యులు. అక్కడ 2005 నుండి ప్రతి అంబులెన్సులోను కనీసము ఒక నమోదైన నర్సు ఉండవలెనను నియమము కలదు. ఏలయన మందు ఇచ్చు అధికారము ఆమెకే యున్నది. ఆ నర్సు చేతిలోని కంప్యూటరు తెరపై పరీక్షాక్రమము కనబడునట్లు చేసి వారు పరిశోధనలు జరిపిరి. నియమానుసారముగా పరీక్షించుట కొంత మెరుగుపడెను; కాని అన్ని అంశములలోను కాదు. నర్సు ఉన్న దేశములోనే ఇట్టి తోడు కావలసివచ్చినచో, అంతకంటె తక్కువ కాలము శిక్షణ పొంది, అంతకంటె ఎక్కువ దూరము పోవలసిన మన సాంకేతికునికి దాని అవసరము మరింతగా నుండును గదా.

ఇక ఆ తోడు ఎట్లుండునో మన పొలములలోని ఉదాహరణతోనే చూతము. మార్చి నెలాఖరు. మిట్టమధ్యాహ్నము. మిరపచేనిలో పనిచేయుచున్న కూలి ఒకడు పడిపోయెను. 108 వాహనము వచ్చినది. చుట్టు మూగినవారు “వడదెబ్బ, వడదెబ్బ” యని చెప్పుచున్నారు. కావచ్చును. కాని ఉదయము ఆ చేనిలో పురుగుమందు కొట్టియుండవచ్చును. లేదా అతడు చక్కెర వ్యాధిగలవాడై, మందు మ్రింగి అన్నము తినక పనికి వచ్చియుండవచ్చును. మూడింటను మనిషి ఒకే విధముగా పడియుండును. చికిత్సలు మాత్రము మూడును వేరు. తెరమీద ప్రశ్నలు వచ్చును. ఒళ్ళు కాలుచున్నదా? కంటిపాప సూదిమొన అంత సన్నబడినదా? నోట చొంగ, చెమట కారుచున్నదా? నాడి మందగించినదా? వ్రేలికొన రక్తములో చక్కెర ఎంత? ఒళ్ళు నిప్పులవలె కాలుచు మాట తడబడుచున్నచో అది వడదెబ్బ. బట్టలు వదులుచేసి, నీళ్ళతో తడిపి, గాలి తగులనిచ్చి ముందు చల్లబరుపవలెను, పరుగు తరువాత. కంటిపాప సన్నబడి, చొంగ కారుచున్నచో పురుగుమందు. మందు అంటిన బట్టలు తీసివేసి ఒళ్ళు కడుగవలెను, ఊపిరితిత్తుల దారి శుభ్రముగా నుంచవలెను, వైద్యుని ఆజ్ఞపై అట్రోపిను ఇవ్వవలెను. చక్కెర పడిపోయినచో గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషములలో మనిషి లేచి కూర్చుండును. అయిదు ప్రశ్నలకు రెండు నిమిషములైన పట్టదు. ఆ రెండు నిమిషములు లేకుండ వాహనము 50 కిలోమీటర్లు పరుగెత్తినచో ఆ పరుగు వ్యర్థము కావచ్చును.

మరియొక ఉదాహరణ. చందర్లపాడు వైపు ఒక పల్లె యనుకొందము. వానకాలము. రాత్రి రెండు గంటలకు పదేండ్ల పిల్లవాడు కడుపునొప్పియని లేచి ఏడ్చుచున్నాడు. తల్లి అజీర్తి అనుకొన్నది. తెల్లవారిన పిదప చూతమనుకొనుచుండగా మాట ముద్దగా వచ్చుటచే భయపడి ఫోను చేసినది. ఒంటిపై గాయము లేదు, వాపు లేదు. ఇక్కడ యంత్రము అడుగవలసిన ప్రశ్న మనుష్యునికి తట్టనిది: “నేలపై పడుకొన్నాడా? కనురెప్పలు వాలుచున్నవా?” కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. ఆ కాటు నొప్పి తెలియదు. గుర్తు కూడ ఒక్కొక్కప్పుడు కనబడదు. మొదట కడుపునొప్పి, తరువాత రెప్పలు వాలుట, మ్రింగలేకుండుట, చివరకు ఊపిరి తీయు కండరములు చచ్చుబడుట. అట్టి పిల్లవానిని కాపాడునది ఏది? దగ్గరలో విషము విరుగు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చుట, దారిలో ఊపిరి ఆగినచో సంచి, ముసుగు పట్టి గాలి అందించుచు పోవుట. కట్టు బిగించుట, గాటు పెట్టుట, పసరు పోయుట కానే కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగింటి విషమునకు మన దేశమున ఒకే మందు పనిచేయును. కావున పామును వెదకుచు కాలము గడపనక్కరలేదు. ఇది తెలిసిన సాంకేతికులు ఎందరో ఉన్నారు. తెలిసినవానికి ఆ రాత్రి రెండు గంటలకు గుర్తుచేయుటయే యంత్రము పని.

రోగమేదో తెలిసిన తరువాతనైనను కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలియుండును. ఎక్కడకు పోవలెను? దగ్గరి ఆసుపత్రికా, తగిన ఆసుపత్రికా? జగ్గయ్యపేటలోను నందిగామలోను ప్రభుత్వాసుపత్రులున్నవి. తలకు పెద్ద దెబ్బ తగిలినచో శస్త్రచికిత్సకు విజయవాడకే పోవలెను. దగ్గర దిగినచో అక్కడినుండి మరల మరియొక వాహనము, మరల కొంత ఆలస్యము. కాని ఊపిరి నిలువనివానిని అంత దూరము మోసికొనిపోవుట ప్రమాదము. గుండెపోటు సంగతి మరియొక తీరు. ఒకప్పుడు గుండెపోటనగనే పట్నపు ఆసుపత్రియే శరణ్యము. 2023 నుండి మన రాష్ట్రములో రక్తపు గడ్డను కరగించు మందును చిన్న పట్టణముల ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఇచ్చు పథకము ప్రారంభమైనది. ఇ.సి.జి. చూచిన పెద్దాసుపత్రి వైద్యుడు దూరమునుండియే సలహా చెప్పును. ఈ మందు ఎంత త్వరగా పడిన అంత మేలు. కావున దగ్గరి ఆసుపత్రిలో మందు వేసి తరువాత పంపుటయే మేలు కావచ్చును. ఏ ఆసుపత్రిలో నేడు ఏ మందు ఉన్నది, ఏ వైద్యుడు ఉన్నాడు, ఏ వంతెనపై నీరు పారుచున్నది, ఈ మూడు సంగతులను ఒక్కచోట చేర్చి చూపుట మనిషి జ్ఞాపకశక్తికి మించినది. కంప్యూటరు నిజముగా అక్కరకు వచ్చు తావు ఇదే.

ఇంతవరకు యంత్రము గుణములు చెప్పితిమి. దోషములు చెప్పకున్నచో శ్రోతలకు న్యాయము చేసినవారము కాము.

లీడ్సులో అంత గొప్పగా పనిచేసిన కంప్యూటరు కడుపునొప్పి పద్ధతిని తరువాత కోపెన్‌హాగెన్ నగరమునకు తీసికొనిపోయిరి. అక్కడ దాని ఖచ్చితత్వము చాల తగ్గిపోయెను. కారణము సులభము. అది నేర్చుకొన్నది లీడ్సు రోగుల లక్షణములను. లెక్కించుచున్నది డెన్మార్కు రోగులను. ఇంగ్లండుకు డెన్మార్కునకు నడుమనే ఇంత భేదమున్నచో, ఎక్కడనో తయారైన యంత్రమునకు మన కట్లపాము సంగతి, మన మిరపచేను సంగతి ఎట్లు తెలియును? విత్తనము పరాయిదైనను నేల మనది కావలెను. ఇక్కడి రోగుల వివరములతో దానిని తీర్చిదిద్దనంతవరకు దాని మాటను సగమే నమ్మవలెను.

రెండవది లండను పాఠము. 1992 అక్టోబరు 26న లండను అంబులెన్సు సేవ తన వాహనములను పంపు పనిని క్రొత్త కంప్యూటరునకు అప్పగించెను. కొన్ని గంటలలోనే ఏ వాహనము ఎక్కడ ఉన్నదో యంత్రమునకు తెలియకపోయెను. ఒక చోటికి రెండు వాహనములు పోవుట, మరియొక చోటికి ఎంత సేపటికిని ఏదియు పోకుండుట జరిగినది. నవంబరు 4న యంత్రము పూర్తిగా ఆగిపోగా సిబ్బంది మరల కాగితము, కలము చేతబట్టిరి. తగినంత పరీక్ష లేకుండ, సిబ్బందికి తగిన శిక్షణ లేకుండ తొందరపడుటయే దానికి కారణమని తరువాత విచారణలో తేలినది. ఫోను సంకేతములు అందని చోట్లు మన పల్లెలలోను ఉన్నవి. సంకేతము లేనప్పుడు కూడ పనిచేయలేని యంత్రము, పనిచేయనప్పుడు ఏమి చేయవలెనో తెలియని సిబ్బంది, ఈ రెండును ఒకచోట చేరకూడదు.

మూడవ పాఠము అన్నిటికంటె సూక్ష్మమైనది. కోపెన్‌హాగెన్‌లోనే మరియొక ప్రయోగము జరిగినది. అత్యవసర ఫోనులో వినబడు మాటలను బట్టి గుండె ఆగినదని కంప్యూటరు కనిపెట్టగలదా యని పరీక్షించిరి. 2019లో వెలువడిన ఫలితముల ప్రకారము మనుష్యులు నూటికి 72 పైచిలుకు గుర్తింపగా యంత్రము 84 గుర్తించినది. చాల గొప్ప సంగతి. ఐతే యంత్రము గుర్తించి హెచ్చరిక చేసినప్పుడు ఫోనెత్తినవారు నిజముగా ఎక్కువమందిని గుర్తించిరా? 2021లో వచ్చిన రెండవ పరిశోధన ఫలితము లేదనియే చెప్పినది. యంత్రము చెప్పుచునే యున్నది. మనుష్యుల పని మాత్రము గమనింపదగినంతగా మారలేదు. చెవిలో పడిన ప్రతి మాట మనసులో పడదు గదా! అరగంటకు పది హెచ్చరికలు చేయు యంత్రము నాన్నా పులి కథలోని పిల్లవాని వంటిది. పదకొండవది నిజమైనను ఎవ్వరును కదలరు.

నాలుగవ పాఠము మన ఇంటి ప్రక్కదే. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తల చేతికి పలక వంటి కంప్యూటరులను ఇచ్చి, గుండెజబ్బు ముప్పుగలవారిని గుర్తించి వైద్యుని వద్దకు పంపు ప్రయోగము జరిపిరి. ఆశా కార్యకర్తలు ఆ పనిని చక్కగా నేర్చిరి. ముప్పుగలవారిని గుర్తించిరి. కాని 2019లో ప్రకటించిన ఫలితములలో రక్తపు పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. తెరమీద సలహా చక్కగా నుండవచ్చును. సలహా తరువాత వైద్యుడు దొరకవలెను, మందు దొరకవలెను, రోగి దానిని విడువక వాడవలెను. గొలుసులో ఒక్క లంకె బంగారముతో చేయించిన మాత్రమున గొలుసు గట్టిపడదు.

ఈ పాఠములు విని యంత్రము వలదనువారున్నారు. యంత్రము తోడున్నచో మనిషి బుద్ధి మొద్దుబారునని వారి వాదము. అందులో కొంత నిజమున్నది. లెక్కల యంత్రము వచ్చిన పిదప ఎక్కములు మరచినవారిని మనమెఱుగుదుము. కాని మన తెలుగునాటి అనుభవమే దీనికి ఒక సమాధానము చెప్పుచున్నది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరుతో ఆరోగ్య సలహా సేవ ప్రారంభమైనప్పుడు, ఫోను ఎత్తినవారు కంప్యూటరు తెరపై వరుసగా వచ్చు ప్రశ్నలను అడుగుచు, జవాబును బట్టి ఇంటిలో చేయదగిన పనియో, ఆసుపత్రికి పోవలసిన పనియో చెప్పుచుండిరి. చిక్కు వచ్చినచో ప్రక్కనున్న వైద్యునికి అప్పగించుచుండిరి. అనగా ప్రశ్నలు యంత్రమువి, వినికిడి మనిషిది, కష్టమైన నిర్ణయము వైద్యునిది. పని ఈ విధముగా పంచుకొన్నచో ఎవరి బుద్ధియు మొద్దుబారదు. యంత్రము చెప్పినదానిని కాదనుటకు సాంకేతికునికి అధికారము ఉండవలెను. కాదన్నప్పుడు కారణము రెండు మాటలలో వ్రాయవలెను. ఆ రెండు మాటలే తరువాత యంత్రమునకు పాఠమగును.

కావున మన మెట్టప్రాంతపు అంబులెన్సులో నుండదగిన యంత్రము ఎట్టిది? అది తెలుగులో మాటలాడవలెను. పుస్తకాల తెలుగు కాదు, జగ్గయ్యపేట సంతలో వినబడు తెలుగు. “ఎగశ్వాస”, “తిమ్మిరి”, “కళ్ళు బైర్లు” అని బంధువులు చెప్పు మాటలు దానికి అర్థము కావలెను. చేతులకు తొడుగులు వేసికొని, ఒక చేతితో రోగిని పట్టుకొని, రెండవ చేతితో నొక్కుటకు వీలుగా నుండవలెను. సంకేతము లేనప్పుడును పనిచేయవలెను. హెచ్చరికలు కొద్దిగా నుండవలెను. ఉన్నవి ప్రాణముతో ముడిపడినవై యుండవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. తాను ఆసుపత్రిలో దించిన రోగి చివరకు ఏమైనాడో సాంకేతికునికి తెలియవలెను. తలకు దెబ్బయని తాను అనుకొన్నది నిజమా? పాముకాటని తాను అనుమానించినది నిజమా? ఆ జవాబు రానిచో పదేండ్లు పనిచేసినను అనుభవము పెరుగదు; పని మాత్రము పాతబడును. ఆసుపత్రి నుండి ఆ నాలుగు వాక్యములు వాహనమునకు తిరిగి చేర్చు ఏర్పాటు చేసినచో మనిషియు నేర్చును, యంత్రమును నేర్చును. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఆసుపత్రివారు, వాహనమువారు ఒకరినొకరు తమవారనుకొనుట కావలెను.

బాధ్యత మాట కూడ చెప్పవలసియున్నది. యంత్రము తప్పు చెప్పెను, సాంకేతికుడు దానిని విని అట్లే చేసెను, రోగికి హాని కలిగినది. తప్పు ఎవరిది? యంత్రమును బోనులో నిలబెట్టలేము. అందరికంటె చిన్న ఉద్యోగిపై తప్పు నెట్టుట లోకమున సులభమైన మార్గము. అది న్యాయము కాదు. యంత్రమునకు ఏ సలహాలు నేర్పవలెనో నిర్ణయించిన వైద్యుల మండలి, దానిని వాడుకలో పెట్టిన అధికారులు ఆ బాధ్యతను ముందుగనే వ్రాతపూర్వకముగా స్వీకరింపవలెను. అప్పుడే సాంకేతికుడు నిర్భయముగా పనిచేయును. భయముతో పనిచేయువాడు రోగికి మేలైన దారిని గాక తనకు చిక్కులేని దారిని వెదకుకొనును.

ఇక ఇంటిలో రేడియో పెట్టె ముందు కూర్చుండి ఈ మాటలు వినువారి వంతు. ఎంత గొప్ప యంత్రమైనను మొదటి వివరమును అందించునది ఫోను చేసిన ఇంటిమనిషియే. అక్కడ తప్పు దొర్లినచో తరువాత లెక్కయంతయు తప్పును. 108కి ఫోను చేసినప్పుడు అయిదు సంగతులు స్థిమితముగా చెప్పవలెను. మొదటిది, ఊరు, మండలము, దగ్గరలోని గుర్తు. ఒకే పేరుగల ఊళ్ళు చాల ఉన్నవి. రహదారిపైనైనచో ఏ ఊరు దాటిన తరువాత, ఏ వైపు పోవు దారిలో అనునది. రెండవది, రోగి పిలిచిన పలుకుచున్నాడా లేదా. మూడవది, ఊపిరి మామూలుగా తీయుచున్నాడా లేదా. నాలుగవది, ఇది ఎన్ని గంటలకు మొదలైనది. పాముకాటుకైనను, గుండెనొప్పికైనను, పక్షవాతమునకైనను చికిత్స గడియారమును బట్టి నడచును. అయిదవది, రోగి ఏ మందులు వాడుచున్నాడు, ఏమి తిన్నాడు, ఏమి త్రాగినాడు. పురుగుమందు త్రాగినచో పరువుకొఱకు దాచరాదు. ఆ సీసాను కూడ వాహనములో పంపవలెను. మనిషి పలుకక, ఊపిరి తీయకున్నచో ఫోనులో చెప్పినట్లు ఛాతీ మధ్యభాగమున రెండు చేతులతో గట్టిగా, వేగముగా నొక్కుచుండవలెను. వాహనము వచ్చువరకు ఆ చేతులే అతని గుండె.

రోడ్డుప్రక్క పడియున్నవానిని తాకిన పోలీసుల చిక్కు వచ్చునను భయము ఇంకను కొందరిలో ఉన్నది. 2016లో సుప్రీం కోర్టు ఆమోదించిన మార్గదర్శకములు, 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ సహాయము చేసినవానికి రక్షణ కల్పించినవి. పేరు చెప్పుమని కూడ అతనిని బలవంతపెట్టరాదు. కావున 65వ నంబరు రహదారి ప్రక్కన నివసించు గ్రామములవారు నిర్భయముగా ముందుకు రావలెను.

పైన చెప్పిన అయిదు సంగతులను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి, ఇంటిలోని పిల్లలు, ముసలివారు కూడ చదువుటకు వీలుగా గోడకు అంటించుకొందురని ఆశించుచున్నాము. చదువురాని పెద్దలున్న ఇంట బడికి పోవు పిల్లలు ఆ కాగితమును వారికి రెండు మూడు మారులు చదివి వినిపించుట మంచిది.